నడివయసులో తాళాభ్యాసం

శ్రుతి తల్లి, లయ తండ్రి అని మన పెద్దలంటారు. తల్లి దగ్గర చనువు, తండ్రి దగ్గర బెదురు మన ఇళ్ళలో సహజమే. సంగీతం నేర్చుకొనేవారిలోనూ చాలామందికి శ్రుతి దగ్గర త్వరలోనే కొంత చనువు ఏర్పడుతుంది గాని, లయ దగ్గర బెదురు ఒక పట్టాన పోదు. ఇక నలభై దాటిన తరువాత నేర్చుకోవడానికి కూర్చున్నవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఈ వ్యాసంలో ‘మేము’ అన్న మాట మర్యాద కోసం వాడుతున్నది కాదు. దంపతులమైన మేమిద్దరమూ కలిసే నేర్చుకున్నాము, కలిసే తప్పులు చేశాము, ఇప్పుడు కలిసే ఇది వ్రాస్తున్నాము.

మేము ఉండేది చరోదాలో. హౌరా నుండి ముంబయి వెళ్ళే ప్రధాన రైలుమార్గం మీద, రాయపూర్‌కూ దుర్గ్‌కూ మధ్యనున్న ఊరు ఇది. ఒక ప్రక్క రైల్వే మార్షలింగ్ యార్డు, మరొక ప్రక్క జాతీయ రహదారి, కాస్త దూరంలో మన ఉక్కు కర్మాగారం. రాత్రి ఏ వేళప్పుడు మెలకువ వచ్చినా యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకొనే చప్పుడు వినబడుతూనే ఉంటుంది. ఉత్తరాంధ్ర నుండి బ్రతుకుతెరువు కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో అనేకం. అటువంటి కుటుంబమే మాది కూడా.

మా ఇంటి పెద్దాయన, అంటే మాలో ఒకరికి తండ్రి, మరొకరికి మామగారు, శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె నుండి 1961లో ఇక్కడికి వచ్చారు. అంతకు ముందటి సంవత్సరమే ప్రారంభమైన రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లులో ఆయనకు పని దొరికినది. వస్తూ వస్తూ తెచ్చుకొన్న ట్రంకుపెట్టెలో రెండు పంచెలు, ఒక దుప్పటి, ఒక జత కంచు తాళాలు ఉన్నవని ఆయన తరచు చెప్పేవారు. ప్రతి శనివారం సాయంకాలం ఎవరో ఒకరి వరండాలో రామభజన జరిగేది. డోలక్ ఒకరు, హార్మోనియం ఒకరు, తాళాలు పెద్దాయన. షిఫ్టులు మారినప్పుడల్లా పాడేవారు మారేవారు గాని, తాళాలు మాత్రం చేయి మారలేదు. ఆయనకు రాత్రి షిఫ్టు ఉన్న శనివారం భజన పెందలకడనే మొదలయ్యేది.

2014లో ఆయన కాలం చేశారు. మరుసటి సంవత్సరం శ్రీరామనవమి నాడు భజన మా వరండాలోనే పెట్టుకొన్నాము. పెద్దాయన తాళాలు ఆయన కొడుకే పట్టాలని అందరూ అన్నారు. ముందువరుసలో కూర్చుని పాట అందుకొనే పని కోడలికి అప్పగించారు. చిన్ననాటి నుండి వింటున్న పాటలే గదా అన్న ధీమాతో మేమిద్దరమూ కూర్చున్నాము. మొదటి పాట సగానికి రాకముందే తాళాలు పరుగు లంకించుకొన్నవి. పాట వెనుకబడినది. డోలక్ వాయిస్తున్న బాబాయిగారు, పెద్దాయనతో నలభై యేళ్ళు కలిసి వాయించిన మనిషి, కాసేపు తాళాల వెంట, కాసేపు పాట వెంట నడిచి చూశారు. మూడవ పాట ముగియగానే డోలక్ ప్రక్కన పెట్టి, “ఇవాళ్టికి చాల్లే అబ్బాయీ, హారతి ఇచ్చెయ్యండి” అన్నారు. ఒక్కమాట కూడా నిష్ఠూరంగా అనలేదు. అందుకే అది మమ్మల్ని మరింత బాధించినది. తరువాతి శనివారం నలుగురే వచ్చారు. ఆ పై శనివారం భజన జరగలేదు. యాభై యేళ్ళకు పైగా నడిచిన భజన మా చేతుల్లో ఆగిపోతున్నదన్న భయం మాకు పట్టుకొన్నది.

అలా మేము గురువును వెతుక్కొన్నాము. ఆయన రైల్వేలో గార్డుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న పెద్దమనిషి. యౌవనంలో విజయనగరంలో మృదంగం నేర్చుకొన్నారు. విజయనగరం పేరు చెప్పగానే ఆయన ముఖం వికసించేది. అక్కడి సంగీత కళాశాల 1919లో ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. రెండు చేతులతోను, రెండు పాదాలతోను, శిరస్సుతోను ఏకకాలంలో వేర్వేరు తాళాలు చూపగలిగిన ప్రజ్ఞాశాలి కనుక ఆయనను ‘పంచముఖి పరమేశ్వరుడు’ అనీ, ‘లయబ్రహ్మ’ అనీ కొనియాడారు. ఆ కథ చెప్పి గురువుగారు నవ్వుతూ, “ఆయనకు అయిదు తాళాలు ఒక్క దేహంలో ఇమిడినవి. మీ ఇద్దరి దేహాల్లోనూ కలిపి ఒక్క తాళం ఇమిడితే చాలు, నా పని అయిపోయినట్లే” అన్నారు.

మొదటి నెల మాచేత ఒక్క స్వరమైనా పాడించలేదు. ఆదితాళం వేయడమే పని. చతురశ్ర జాతి త్రిపుట తాళానికే ఆదితాళమని పేరు. ఒక దెబ్బ, చిటికెన వ్రేలు మొదలుకొని మూడు వ్రేళ్ళ లెక్క, తరువాత రెండుసార్లు దెబ్బ, విసురు. మొత్తం 8 అక్షరాలు. పసిపిల్లలు వారంలో పట్టుకొనే విద్య ఇది. మాకు నెల పట్టినది. వేయడం రాక కాదు. ఎనిమిదవ అక్షరం అయ్యీ అవకుండానే మళ్ళీ మొదటి దెబ్బ మీద పడిపోయే అలవాటు మాలో ఒకరిది. దెబ్బ వేసి, అది సరిగా పడినదా లేదా అని ఆలోచించి, ఆ తరువాత వ్రేలు ముడిచే అలవాటు మరొకరిది. ఒకరికి పరుగు, మరొకరికి జాప్యం.

గురువుగారు మా తప్పులను ఒక్కొక్కటిగా ఏరి చూపించారు. అవి వయసు వచ్చిన తరువాత నేర్చుకొనేవారిలో సాధారణంగా కనిపించేవే కనుక ఇక్కడ చెప్పడం ఉపయోగమనుకొంటాము. మొదటిది, తెలిసినచోట పరుగు, తెలియనిచోట నత్తనడక. పాటలో సులువైన భాగం రాగానే ఉత్సాహంతో ముందుకు దూకుతాము. కష్టమైన మలుపు దగ్గర తాళాన్నే నిలబెట్టి మన సంగతి చూసుకొంటాము. రెండవది, గొంతు పెంచితే వేగం కూడా పెరగడం. బిగ్గరగా పాడడం వేరు, త్వరగా పాడడం వేరు అని దేహానికి విడిగా నేర్పవలసి ఉన్నది. మూడవది, విరామాన్ని మింగివేయడం. స్వరం నిలిపిన చోట, పాట ఆగిన చోట చెవికి ఏ చప్పుడూ వినబడదు గనుక అక్కడ కాలం లేదనుకొని ముందుకు వెళ్ళిపోతాము. “చప్పుడు వచ్చే చోట తాళం తప్పడం తక్కువ బాబూ. రెండు దెబ్బల నడుమ ఖాళీలోనే తప్పుతుంది” అని గురువుగారు పదేపదే చెప్పేవారు.

సరళీ స్వరాలకు వచ్చిన తరువాత మరొక చిక్కు ఎదురైనది. మొదటి కాలంలో ఒక అక్షరానికి ఒక స్వరం, రెండవ కాలంలో రెండు, మూడవ కాలంలో నాలుగు. చేయి మాత్రం ఒకే నడకలో ఉండాలి. కాని స్వరాలు వేగం కాగానే మా చేయి కూడా వాటితో పాటు వేగం అయ్యేది. పదిహేనవ, పదహారవ శతాబ్దాలలో జీవించిన పురందరదాసు ఈ పాఠక్రమాన్ని ఏర్పరచినారని సంప్రదాయం చెబుతున్నది. ఇన్ని వందల సంవత్సరాలుగా పిల్లలందరూ దాటివచ్చిన ఆ మెట్టు దగ్గర మేము ఆరు నెలలు కూర్చున్నాము. ఒకనాడు విసుగెత్తి, “ఇది పుట్టుకతో రావాలి కాబోలు గురువుగారూ, మాకు లేదు” అన్నాము.

ఆయన కోప్పడలేదు. “అమ్మా, మీ ఊళ్ళో వడ్లు దంచేవారా?” అని అడిగారు.

మాలో ఒకరికి ఆ ప్రశ్న ఎక్కడో తగిలినది. చిన్నతనంలో అమ్మమ్మగారి ఊళ్ళో కుందిలో వడ్లు పోసి, ఎదురెదురుగా నిలబడి చెరొక రోకలితో దంచిన రోజులు జ్ఞాపకం వచ్చినవి. ఒక రోకలి పైకి లేచేసరికి రెండవది దిగాలి. ఏమాత్రం తేడా వచ్చినా రోకళ్ళు రెండూ ఢీకొంటాయి. పదేళ్ళ పిల్ల అరగంటసేపు తప్పకుండా దంచినది, దంపుళ్ళ పాటకు గొంతు కలిపినది కూడా. అప్పుడు ఎవరూ ఆ పిల్లకు లయ లేదనలేదు. రెండవవారికీ అటువంటి అనుభవమే ఉన్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇద్దరు మనుషులు ఒకే మేకు మీద మార్చి మార్చి సమ్మెటలు వేసే పని కొంతకాలం చేశారు. అక్కడ తాళం తప్పితే విరిగేది మేకు కాదు, ఎదుటివాడి చేయి. ఆ పని ఏనాడూ తప్పలేదు.

“మరి అప్పుడున్న లయ ఇప్పుడెక్కడికి పోయినది?” అన్నారు గురువుగారు. “అప్పుడు ఎదుటి మనిషి రోకలిని చూశారు. ఇప్పుడు ఎవరి చప్పుడు వారే వింటున్నారు. తప్పుతామేమో, ఎవరైనా నవ్వుతారేమో అని మీలో మీరే చూసుకొంటున్నారు.”

ఆనాటి నుండి మా అభ్యాసం మారినది. ఇద్దరమూ ఎదురెదురుగా కూర్చుంటాము. ఒకరు అక్షరం మీద చప్పట్లు వేస్తారు, మరొకరు రెండు అక్షరాల సరిగ్గా నడుమ వేస్తారు. రెండు రోకళ్ళలాగా అన్నమాట. పరుగెత్తే మనిషి నడుమ దెబ్బ కోసం ఆగక తప్పదు. జాప్యం చేసే మనిషికి ఆలోచించే వ్యవధి ఉండదు. పది నిమిషాల తరువాత స్థానాలు మార్చుకొంటాము. ఆ తరువాత నోటితో ‘తకధిమి’ అంటూ నాలుగేసి, ‘తకిట’ అంటూ మూడేసి, ‘తకతకిట’ అంటూ అయిదేసి లెక్క. చేయి ఆపి నడుస్తూ అదే లెక్క. యార్డు ప్రక్క రోడ్డు మీద సాయంకాలం మేము గొణుక్కొంటూ అడుగులు వేయడం చూసి, ఏదో మొక్కు ఉన్నదని ఇరుగుపొరుగువారు అనుకొన్నారట.

యంత్రసహాయం కూడా తీసుకొన్నాము. లోలకం సూత్రం మీద నడిచే మెట్రోనోముకు 1815లో మెల్ట్‌సెల్ పేటెంటు పొందారు. నేడు ప్రతి చేతిఫోనులోను అది దొరుకుతుంది. మెట్రోనోముతో పాటు వ్రేలు తట్టమంటే మనుషులు సాధారణంగా చప్పుడుకంటె సెకనులో కొన్ని వందలవ వంతులు ముందుగానే తడతారనీ, సంగీతంలో తరిఫీదు పొందినవారిలో ఈ తేడా తక్కువగా ఉంటుందనీ పరిశోధకులు గమనించారు. పరుగు మా ఒక్కరి దోషమే కాదని తెలిసి కొంత ఊరట కలిగినది. అయితే గురువుగారు ఒక షరతు పెట్టారు. మెట్రోనోము ప్రతి అక్షరానికీ మ్రోగకూడదు. మొదట రెండక్షరాలకు ఒకసారి, పిదప నాలుగింటికి, చివరికి ఎనిమిదింటికి ఒక్కసారి మ్రోగాలి. ఆ మిగిలిన ఏడు అక్షరాలు మనవి. అన్నిటికీ మ్రోగితే మనం దాని చేయి పట్టుకొని నడుస్తామే గాని సొంతంగా నడవము. ఆవృత్తానికి ఒకసారి మాత్రమే మ్రోగితే మనం ఎంత తప్పామో అక్కడ తేలిపోతుంది.

ఈ మాట మాకు అర్థం కావడానికి రైలే తోడ్పడినది. చిన్నప్పుడు వేసవి సెలవులకు రాయపూర్ నుండి టిట్లాగఢ్, రాయగడ మీదుగా విజయనగరం వెళ్ళేవాళ్ళం. పట్టాల అతుకుల మీద చక్రాలు పడే చప్పుడుకు పెద్దాయన తొడ మీద వ్రేళ్ళతో తాళం వేసేవారు. ఆ కాలపు పట్టా పొడవు 13 మీటర్లు. పెట్టె చివరన కూర్చుంటే మన పెట్టె క్రింది రెండు ఇరుసులు, ప్రక్క పెట్టె క్రింది రెండు ఇరుసులు వరుసగా అతుకు దాటుతాయి గనుక నాలుగు దెబ్బలు కలిసి వినబడతాయి. గంటకు సుమారు 47 కిలోమీటర్ల వేగంతో బండి పోతుంటే సెకనుకొక అతుకు దాటుతుంది. “ఇవి మా మిల్లు పట్టాలురా” అని పెద్దాయన చెప్పేవారు. నిజమో కాదో గాని ఆ చప్పుడు మాకు మా ఇంటి చప్పుడుగానే తోచేది. కాలక్రమాన మన కర్మాగారంలో 130 మీటర్ల పట్టాలు తీయడం, వాటిని అతికి 260 మీటర్ల ప్యానెళ్ళుగా పంపడం వచ్చినవి. మార్గంలో వేసిన తరువాత వాటిని మరల ఒకదానితో ఒకటి అతుకుతారు. ప్రయాణం సుఖమైనది, చక్రానికీ పట్టాకూ అరుగుదల తగ్గినది. ఆ పాత చప్పుడు మాత్రం చాలా దూరాలకు వినబడదు. ఇప్పుడు ఊరికి వెళ్ళేటప్పుడు అతుకులు వినబడని చోట మేము మనసులోనే తాళం వేసుకొంటాము. ఏదైనా స్టేషను దగ్గర పాయింట్ల మీద చక్రాలు పలికినప్పుడు, మా లెక్క నిలిచినదా లేదా అని ఒకరి ముఖం ఒకరు చూసుకొంటాము.

చుట్టుప్రక్కల వినే చెవి కూడా అప్పటి నుండే మారినది. మన కర్మాగారంలో ఉద్యోగం చేసిన పండవానీ కళాకారిణి తీజన్ బాయిగారు ఈ ప్రాంతపు గనియారీ గ్రామంలో జన్మించారు. 2019లో పద్మవిభూషణ్ అందుకొన్నారు. ఆమె తంబురా చేతబట్టి కథ చెబుతూ చటుక్కున ఆగడం ఎన్నోసార్లు చూశాము గాని, ఆ మౌనంలో కూడా లెక్క నడుస్తూనే ఉంటుందని మునుపు గమనించలేదు. అదేవిధంగా ప్రతి డిసెంబరు 18న గురు ఘాసీదాస్ జయంతికి జరిగే పంథీ నృత్యంలో మాందర్ వేగం క్రమక్రమంగా పెరుగుతుంది. మా భజనలోనూ వేగం పెరిగినది గదా అని ఒకనాడు గురువుగారితో వాదించాము. “వారు వేగాన్ని పెంచారు, మీ వేగం పెరిగినది. మళ్ళీ మొదటి నడకకు రమ్మంటే వారు వస్తారు, మీరు రాగలరా?” అన్నారాయన. మా దగ్గర జవాబు లేకపోయినది.

షిఫ్టులు, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, జ్వరాలు. వీటి నడుమ రోజుకు ఇరవై నిమిషాలకు మించి ఏనాడూ దొరకలేదు. కాని ఆ ఇరవై నిమిషాలూ మానలేదు. సప్త తాళాల అలంకారాలకు వచ్చేసరికి మూడేళ్ళు గడిచినవి. ఏకతాళంలో 4 అక్షరాలు, రూపకంలో 6, త్రిపుటలో 7, మఠ్యంలో, ఝంపెలో 10, ధ్రువంలో, అటలో 14. పిల్లలకు నోటికి వచ్చినట్లు మాకు రాలేదు. అయితే పెద్దవారికి ఒక సదుపాయం ఉన్నదని గ్రహించాము. ఎక్కడ తప్పామో మనం చెప్పగలము. చెప్పగలిగిన తప్పును దిద్దుకోవడం సాధ్యం. ఫోనులో మా అభ్యాసాన్ని రికార్డు చేసుకొని మరునాడు వింటే, పాడేటప్పుడు వినబడని పరుగంతా అప్పుడు వినబడేది. మొదట్లో వినలేక ఆపివేసేవాళ్ళం. పోను పోను వినడం అలవాటైనది.

భజన మళ్ళీ నిలబెట్టాలన్న కోరికతో 2019 శ్రీరామనవమికి అందరినీ పిలిచాము. కాని డోలక్ బాబాయిగారు లేరు. అంతకు రెండేళ్ళ ముందే మోకాళ్ళ నొప్పులతో, శ్రీకాకుళం జిల్లాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు డోలక్‌ను మా ఇంట్లో పెట్టి, “ఎవరైనా వాయించేవాడు వస్తే ఇవ్వండి, లేకపోతే చెదలు పట్టకుండా చూడండి, అంతే” అన్నారు. ఆ నవమికి యార్డులో పనిచేసే ఒక యువకుడు డోలక్ పట్టాడు. పదహారు మంది వచ్చారు. తాళాలు పట్టిన చేయి వణికినది గాని, ఒకరినొకరు వినడం మరువలేదు. ఎదురుగా రెండవ రోకలి ఉన్నదన్న ధైర్యం ఒకటి ఉన్నది. పదకొండు పాటలు పాడి హారతి ఇచ్చేసరికి రాత్రి పది దాటినది. మధ్యలో ఎవరూ ‘చాల్లే’ అనలేదు.

ఆ రికార్డింగును బాబాయిగారి కొడుక్కి పంపించాము. రెండు రోజుల వరకు జవాబు లేదు. మూడవనాడు బాబాయిగారే ఫోను చేశారు. మంచం మీద పడుకొని, పట్టె మీద వ్రేళ్ళతో వాయిస్తూ మొత్తం విన్నారట. “కోడలు పిల్ల కుదురుగా పాడినది. అబ్బాయీ, తాళాలు మీ నాన్నవేనా?” అని అడిగారు. అవునన్నాము. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, “బాగానే ఉన్నది. అయిదో పాటలో మూడో చరణం దగ్గర మాత్రం పరుగెత్తారు” అన్నారు.

మేము వెంటనే రికార్డింగు తీసి విన్నాము. ఆయన చెప్పినది నిజమే. మేము అప్పటికి నాలుగుసార్లు విన్నా మాకు తెలియని పరుగు అది.

తరువాత కరోనా కాలంలో భజన కొన్ని నెలలు ఆగినా, మళ్ళీ మొదలై నేటికీ శనివారం శనివారం జరుగుతున్నది. మాలో ఒకరు త్వరలో పదవీ విరమణ చేయబోతున్నారు. చదువరులలో మా వయసువారు ఎవరైనా ‘ఇక మనకేం వస్తుంది’ అని హార్మోనియం మీద గుడ్డ కప్పి ఉంటే, ఒక్క మనవి. జతగా ఎవరినైనా వెతుక్కొని, ఎదురెదురుగా కూర్చుని రెండు రోకళ్ళలాగా పది నిమిషాలు చప్పట్లు వేసి చూడండి. మా సంగతి అంటారా, ఆ మూడవ చరణం మీద ఇంకా అభ్యాసం చేస్తూనే ఉన్నాము.